విత్తనానికి కులమెక్కడిదన్నా? (వాడ నుంచి – 14)



పోయిన భాగంలో అసైన్డ్ భూముల గురించి రాస్తూ చివర్లో ఒక మాటన్నాను. మనకిచ్చిన భూమే కాదు, ఆ భూమిలో వేసే విత్తనం కూడా మనల్ని తలుచుకుని తయారైంది కాదని. దానికి అగ్రికల్చర్ బీఎస్సీ చదివే ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, భూమికి కులం ఉందంటే ఒప్పుకుంటా. నీళ్లకు ఉందన్నా ఒప్పుకుంటా. విత్తనానికి కులమెక్కడిది? జన్యువు జన్యువే కదా?"

వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. కాబట్టి నిజంగానే జవాబు చెప్పాలి. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ఒడిశా నుంచి మొదలుపెడతాను. వరి నీళ్లలో పెరిగే పంటే, కానీ నిండా మునిగితే చస్తుంది. మునిగిన వరి మొక్క ఊపిరి కోసం పైకి సాగుతుంది. కాండాన్నీ ఆకునీ పొడుగు చేసుకుంటూ నీళ్ల మీదికి తల ఎత్తాలని చూస్తుంది. ఆ సాగడంలోనే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చయిపోతుంది. పది రోజులకు వరద తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు, కుళ్లిపోతుంది. ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న ధల్‌పుటియా అనే నాటు రకానికి మాత్రం వేరే తెలివి ఉంది. మునిగితే అది సాగదు. ఊపిరి బిగబట్టి, ఉన్న సత్తువను దాచుకుని రెండు వారాల దాకా అట్లాగే కూర్చుంటుంది. నీళ్లు తీశాక మళ్లీ చిగురు వేస్తుంది.

ఆ నాటు రకం నుంచి ఏరి తీసిన వరుసకు శాస్త్రవేత్తలు ఎఫ్‌ఆర్ 13ఎ అని పేరు పెట్టారు. అందులో ఈ పని చేసే సబ్‌1ఎ అనే జన్యువును 2006లో ప్రపంచానికి చూపించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆ గుణాన్ని స్వర్ణ వరిలోకి ఎక్కించింది. స్వర్ణ అంటే మన స్వర్ణే, పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 7029. ఇది బీటీ పత్తి లాంటి జన్యుమార్పిడి కాదు. మామూలు సంకరణమే. కాకపోతే ఏ పిల్ల మొక్కలోకి ఆ జన్యువు దిగిందో మార్కర్లతో చూసుకుంటూ, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ పోయారు. 2009లో స్వర్ణ సబ్‌1 పేరుతో మన దేశంలో విడుదల చేశారు.

ఇక్కడిదాకా మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. తర్వాతది ఉండకపోవచ్చు. 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒడిశాలో 128 గ్రామాల్లో రైతులకు ఈ విత్తనం ఇచ్చి చూశారు. పది రోజులు మునిగిన పొలాల్లో మామూలు స్వర్ణ కంటే దిగుబడి 45 శాతం ఎక్కువ వచ్చింది. వరద రాని చోట నష్టమేమీ లేదు. అంతటితో ఆగకుండా ఆ పరిశోధకులు ఇంకొక సంగతి కూడా చూశారు. వరద నిలిచే పల్లపు పొలాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? షెడ్యూల్డ్ కులాల చేతుల్లో. ఊరి మిగతా భూముల కంటే ఆ పల్లంలో మన జనమే ఎక్కువ. కాబట్టి ఈ రకం వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది వాళ్లకేనని రాశారు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. సబ్‌1ఎకు కులం లేదు. నీళ్లు నిలిచే చోటికి కులం ఉంది. మెరక ఎవరికి దక్కింది, పల్లం ఎవరికి మిగిలింది, కాలువ కింద ఎవరున్నారు, గరుపు నేల ఎవరి పట్టాలో పడింది, ఇదంతా కులం రాసిన పటం. ఆ పటంలో ఏ మూలను కళ్ల ముందు పెట్టుకుని విత్తనం తయారు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. స్వర్ణ సబ్‌1 మన మేలు కోరి చేసింది కాదు, వరద కోసం చేసింది. వరద మన పొలంలో ఉంది కాబట్టి మనకు పనికొచ్చింది. అనుకోకుండా జరిగిన న్యాయమే ఇంత మేలు చేస్తే, అనుకుని చేస్తే ఎంత చేయొచ్చో ఆలోచించండి.

మిగతా సగం జవాబు ఆ ధల్‌పుటియాను ఇచ్చిందెవరన్నది. ఎవరో ఒక రైతు, బహుశా ఒక ఆడమనిషి, గుప్పెడు గింజలు ఎవరో ఒక సేకరణదారు చేతిలో పోసింది. జన్యువును కనుక్కున్నవాళ్ల పేర్లు మనకు తెలుసు, ఉండాలి కూడా, వాళ్ల కష్టం తక్కువది కాదు. గుప్పెడు గింజలు పోసిన చేతికి మాత్రం పేరు లేదు.

ఇది ఒడిశా సంగతే కాదు. మీరందరూ తినే సన్నబియ్యం, బీపీటీ 5204, బాపట్లలో 1986లో వచ్చిన సాంబ మసూరి. దానికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ కలిసి ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని తయారు చేశాయి. 2008లో అది విడుదలైంది. అందులో పెట్టిన మూడు జన్యువుల్లో ఒకటి ఎక్స్‌ఎ21. అది ఎక్కడిదో తెలుసా? పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో పెరిగే ఒక అడవి వరిది. వ్యవసాయం చేసేవాళ్లకు అది కలుపు మొక్క. ఆ కలుపును ఎరిగినవాళ్లు, ఏరుకుని తిన్నవాళ్లు బెల అనే సమూహం. భూమి లేని సంచార కూలీలు, ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్లు. ఆ జన్యువు మీద అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. పేటెంటు నుంచి డబ్బొస్తే మూల దేశాలకు కొంత ఇవ్వాలని 1996లో ఒక నిధి పెట్టారు. ఆలోచన మంచిదే. కంపెనీలు దాన్ని అమ్మకానికి తేలేదు కాబట్టి ఆ నిధిలోకి డబ్బు రాలేదు. ఖండాలు వేరు, కథ ఒకటే. అంచున బతికేవాళ్లకే అంచున పెరిగే మొక్కలు తెలుస్తాయి, ఎందుకంటే ఆకలి రోజుల్లో వాళ్లను బతికించేది అవే.

"అంత వైవిధ్యం ఎందుకన్నా, మంచి రకం ఒకటి చాలదా" అనేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 1970ల్లో ఆసియా అంతా ఐఆర్ రకాలు ఒక్క తీరుగా పరుచుకున్నాక గ్రాసీ స్టంట్ అనే వైరస్ తగిలింది. తట్టుకునే గుణం కోసం 6 వేలకు పైగా వరి నమూనాలను పరీక్షించారు. ఒక్కదాంట్లో దొరికింది. ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక అడవి వరిలో. ఆ ఒక్క నమూనా ఎవరో గట్టు కింద దున్నేసి ఉంటే? ఎండలు ముదిరి, వాన తన రోజు తప్పి, కొత్త పురుగులు కొత్త జిల్లాలకు వస్తున్న ఈ కాలంలో రేపు ఏ గుణం కావాల్సి వస్తుందో ఇవాళ ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే అన్నీ ఉంచుకోవాలి.

2024 ఆగస్టులో ప్రధాని ఢిల్లీ పూసాలో 109 రకాల విత్తనాలను ఒకేసారి విడుదల చేశారు, వాతావరణ మార్పును తట్టుకునేవని చెబుతూ. 2025 మేలో జన్యు సవరణతో చేసిన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి డీఆర్‌ఆర్ ధన్ 100, కమల అని పేరు పెట్టారు, హైదరాబాద్‌లో తయారైంది. దాని తల్లి మన సాంబ మసూరి. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1, దాని తల్లి మార్టేరు కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010. రెండూ తెలుగు నేల విత్తనాలే. మొదటిది త్వరగా కోతకొస్తుందని, ఎక్కువ పండుతుందని, రెండోది ఉప్పు నేలల్నీ బెట్టనీ తట్టుకుంటుందని చెబుతున్నారు. నేను జన్యు సవరణ అనగానే గుండెలు బాదుకునేవాణ్ని కాదు. కత్తి కూర కోయడానికీ పనికొస్తుంది. నా ప్రశ్నలు వేరు. ఈ రకాలను ఏ పొలాల్లో పరీక్షించారు? ఎరువు వేయలేని పొలంలో పరీక్షించారా? బోరు లేనివాడి పొలంలో? దీని మీద ఎవరి హక్కులున్నాయి, ఈ ఏడు గింజ దాచుకుని వచ్చే ఏడు వేసుకోవచ్చా? ఇవి అడగగానే "సైన్సుకు వ్యతిరేకులు" అంటారు. సైన్సును మన పొలానికి రమ్మంటున్నాం, అది వ్యతిరేకత ఎట్లా అవుతుంది?

పరిశోధనా క్షేత్రంలోకి ఎప్పుడైనా వెళ్లి చూడండి. చదును చేసిన నేల, కొలిచి పెట్టిన నీళ్లు, సిఫారసు చేసిన మోతాదు ఎరువు, కలుపు లేని మళ్లు. అందులో నెగ్గిన రకాన్ని మనకిస్తారు. సిరియాలో సాల్వతోరె చెకరెల్లి అనే శాస్త్రవేత్త బార్లీ మీద ఏళ్ల తరబడి పనిచేసి చూపించిన సంగతి ఏమిటంటే, మంచి నేలలో ఎంపిక చేసిన రకం ఎండిన నేలలో తరచూ ఓడిపోతుంది. క్షేత్రంలో వెనకబడి పారేసిన దాంట్లోనే కరువు పొలానికి కావాల్సింది ఉండొచ్చు. ఆయన ఎంపికను రైతుల పొలాలకు మార్చాడు, ఏరే పని రైతులకే ఇచ్చాడు. రకరకాల గింజల కలగాపులగాన్ని రైతులకిచ్చి, ఏళ్ల మీద ఆ నేలే దాన్ని ఏరుకునేలా చేసే పద్ధతికి కూడా ఆయన పేరే ముందు వినిపిస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఈ పాఠం ఎన్ని గంటలు చెబుతున్నారో విద్యార్థులే చెప్పాలి.

బాబాసాహెబ్ 1918లో చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదని, ఆ నేల మీద పెట్టే మిగతా సాధనాలతో కలిపి చూస్తేనే తేలుతుందని ఆయన వాదన. విత్తనానికి ఇదే వర్తిస్తుంది. నీళ్లూ యూరియా మందూ అప్పూ ఉన్నప్పుడే పండే విత్తనం అవి లేనివాడి చేతిలో మంచి విత్తనం కాదు. అదొక బాకీ. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగవుతున్న భూమిలో షెడ్యూల్డ్ కులాల వాటా 9 శాతం దాటలేదు, జనాభాలో మనం 16.6 శాతం. ఆ కొద్ది భూమిలోనూ నీటి వసతి ఉన్నది ఎంతో మీ ఊళ్లో లెక్కేసుకోండి.

ఇప్పుడు జహీరాబాద్‌కి వద్దాం. మాట్లాడాల్సింది అసలు ఇక్కడే.

పస్తాపూర్, మాచనూర్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి మహిళా సంఘాలు పనిచేస్తున్నాయి. సంఘం ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. వాళ్ల చేతికొచ్చిన నేల ఎట్లాంటిది? రాళ్లు తేలినది, ఎవరూ దున్నక పడావు పడ్డది, లావణి పట్టాల కింద పేరుకు ఇచ్చినది. ఆ నేలలో వాళ్లు పచ్చజొన్న వేశారు, కొర్రలు, సామలు, తైదలు, సజ్జలు వేశారు. ఒక్క పంట కాదు, ఒక్క చేనులోనే పదిహేను, ఇరవై రకాలు. జొన్న సాళ్ల మధ్య కంది, కంది పక్కన అనుములు, బొబ్బర్లు, పెసర్లు, గట్ల మీద పుంటికూర, చుట్టూ కుసుమలు. చూసేవాళ్లకు ఇది అడవిలా కనిపిస్తుంది. "చదువురాని వాళ్ల సేద్యం" అని వ్యవసాయ అధికారులు నవ్విన రోజులు కూడా ఉన్నాయి.

ఆ అడవిలో ఉన్న లెక్క చూడండి. వాన ముందే మొహం చాటేస్తే పెసర్లు పోవచ్చు, వేరు లోతుకు దించిన కంది నిలబడుతుంది. వాన చివర్లో దంచితే జొన్న గింజ నల్లబడొచ్చు, అప్పటికే కొర్రలు ఇంటికి చేరి ఉంటాయి. పప్పుజాతి పంటలు నేలకు నత్రజని ఇస్తాయి, యూరియా బస్తా కొనే పని తగ్గుతుంది. పురుగు ఒక పంటను పడితే పక్క పంట దాని దారికి అడ్డం. జొన్న చొప్ప బర్రెకు. వీటికి తోడు ఎవరూ విత్తని కూరాకులు, దొగ్గలి, తుమ్మికూర, ఎలుకచెవుల కూర, మందు కొట్టని చేలో వాటంతటవే మొలుస్తాయి. కలుపుమందు కొట్టే రైతుకు అవి కలుపు, కూలికి పోయే తల్లికి అవి ఆ పూట కూర. చలికాలంలో నీళ్లు పెట్టకుండా మంచుకే పండే వాటిని అక్కడి ఆడవాళ్లు సత్యం పంటలు అంటారు. వాతావరణ మార్పును తట్టుకునే వ్యవసాయమని ఇవాళ సెమినార్లలో బొమ్మలు వేసి చూపిస్తున్నది ఇదే. వాళ్లు బొమ్మ వేయలేదు, పండించి తిన్నారు.

విత్తనం సంగతికొస్తే, కోతకు ముందే చేను తిరిగి కంకులు ఏరేది ఆడవాళ్లే. ఏ కంకి గింజ నిండుగా ఉంది, ఏ కర్ర పడిపోలేదు, ఏది పిట్ట తినకుండా మిగిలింది, ఏ జొన్న రొట్టె మెత్తగా వస్తుంది, ఏది పొద్దున తింటే మాపటి దాకా ఆకలి కానీయదు, ఏ చొప్పను బర్రె ఇష్టంగా తింటుంది, ఇన్ని లెక్కలు ఒక్క చూపులో తేలతాయి. ఏరిన గింజను ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, వెదురు గుమ్మిలో పోసి పేడమట్టితో మూతి అలికి పెడతారు. ఊరి విత్తన నిధి నుంచి ఎవరికైనా ఇస్తే లెక్క ఒకటే: ఒకటి తీసుకుంటే రెండు తిరిగివ్వాలి, పండిన తర్వాత. కాగితం లేదు, జామీను లేదు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఈ గింజలన్నీ ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి, పాత పంటల జాతర అని. 2008లో మాచనూర్‌లో వాళ్లే నడుపుకునే సంఘం రేడియో వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

చేను తిరిగి, పోల్చి, ఏరి, దాచి, మళ్లీ వేసి చూడటాన్ని ఇంగ్లీషులో బ్రీడింగ్ అంటారు. డిగ్రీ ఉన్నవాడు చేస్తే పరిశోధన, మాదిగ ఆడమనిషి చేస్తే "సంప్రదాయం". ఈ తేడా ఎక్కడిదో వేరే చెప్పాలా?

అదే ముంబై హైవే మీద, హైదరాబాద్ వైపు వస్తే, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972 నుంచి. అక్కడి జన్యు నిధిలో లక్షా 20 వేలకు పైగా నమూనాలు చలిగదుల్లో ఉన్నాయి, జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు. అది మానవజాతి ఆస్తి, చులకనగా చూడాల్సింది కాదు. కరువులో కూడా ఆకు పచ్చగా నిలిచే గుణం ఇథియోపియా నాటు జొన్నలో దొరికిందంటే, ఎవరో దాన్ని దాచిపెట్టబట్టే. కానీ చలిగదిలో గింజ నిద్రపోతుంది. అది సేకరించిన నాటి ఎండనే ఎరుగుతుంది. చేలో ఉన్న గింజ ఏటా కొత్త ఎండను, కొత్త పురుగును చూస్తూ కొంచెం కొంచెం మారుతుంది. రెండూ కావాలి. చలిగదికి కరెంటు, జీతాలు, ప్రాజెక్టులు ఉన్నాయి. గుమ్మికి ఏముంది? ప్రతి నమూనాకూ ఒక పాస్‌పోర్టు ఉంటుంది, ఏ దేశం, ఏ అక్షాంశం, ఎవరు సేకరించారు అని. ఇచ్చినామె పేరుకు అందులో సాధారణంగా గడి కూడా ఉండదు.

ఇక శ్రీఅన్న సంగతి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. మన ప్రభుత్వం వాటికి శ్రీఅన్న అని నామకరణం చేసింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. జొన్నగటక, తైద అంబలి మన వాడల తిండి. వాటిని తింటామని బడిలో వెక్కిరించారు, బియ్యం వండని ఇంటికి పిల్లనివ్వమన్నారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన తల్లులు సంబరపడ్డారంటే తిండి కోసమే కాదు, తెల్లన్నం ఒక గౌరవం కాబట్టి. ఆ గౌరవాన్ని నేను తప్పుపట్టను. ఇప్పుడు అవే గింజలు సంచుల్లోకెక్కి, షుగరున్న పెద్దమనుషుల బల్ల మీద శ్రీ చేర్చుకుని కూర్చున్నాయి. గింజ శుద్ధి అయింది. దాన్ని కాపాడిన చేయి మాత్రం ఇంకా వాడలోనే ఉంది. అదే బడ్జెట్‌లో హైదరాబాద్ చిరుధాన్యాల పరిశోధనా సంస్థను ఉత్కృష్టతా కేంద్రం చేస్తామన్నారు, చేయండి. ఆ కేంద్రం కమిటీల్లో ఒక్క సంఘం ఆడమనిషి పేరు చూపించండి.

విత్తన పరిశ్రమలో మన చేతులు లేవా అంటే ఉన్నాయి. గద్వాల, నంద్యాల వైపు సీడు పత్తి చేలల్లో చూడండి. హైబ్రిడ్ పత్తి గింజ తయారు కావాలంటే ప్రతి పువ్వులో మగ భాగాన్ని సాయంత్రం చేత్తో గిల్లి తీసేయాలి, మర్నాడు పొద్దున ఇంకో రకం పుప్పొడి చేత్తోనే రుద్దాలి. రోజుకు వేల పువ్వులు. చిన్న వేళ్లయితే పని సులువని, కూలి తక్కువని, ఆడపిల్లల్ని బడి మాన్పించి పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలేనని 1990ల చివరి నుంచే అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ గింజ కంపెనీ సంచిలోకెక్కాక దాన్ని దాచి మళ్లీ వేసుకుంటే పనికిరాదు, హైబ్రిడ్ కదా. ఏటా కొనాల్సిందే. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతం పైగా బీటీదే. గులాబీ పురుగు దానికి అలవాటు పడింది. వానాధార నల్లరేగడిలో నిలబడిన నాటు పత్తి ఇప్పుడు వెతుక్కోవాల్సిన వస్తువైంది. తరానికి తరం గింజ ఏరిన వాడలో, ఇప్పటి తరం పువ్వు గిల్లే కూలీ. దీని మీద వేరే భాగం రాస్తాను, ఇక్కడ సరిపోదు.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. 2001 మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన గింజను దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు ముద్ర వేసి అమ్మడం ఒక్కటే కుదరదు. 2019లో గుజరాత్‌లో పెప్సీ కంపెనీ తన చిప్స్ ఆలుగడ్డ వేశారని రైతుల మీద కోటి రూపాయలకు పైగా దావా వేసి, దేశమంతా గగ్గోలు పుట్టాక వెనక్కి తీసుకుంది. ఈ సెక్షన్ లేకపోతే ఆ రైతుల గతి ఏమయ్యేదో. కానీ ఇదే చట్టం రకాన్ని నమోదు చేయాలంటే మూడు గుణాలు అడుగుతుంది: ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వం. రైతుల రకాలకు కొంత సడలింపు ఉన్నా చూపు మాత్రం అదే. మన పచ్చజొన్న చేలో ఒక కర్ర పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనుతుంది, ఒకటి వెనక. దాని బలమే ఆ ఎగుడుదిగుడు. అందరూ ఒక్క తీరుగా ఉంటేనే గుర్తిస్తాననే చట్టానికి అది గింజల గుంపు, రకం కాదు.

లాభంలో వాటా సంగతి ఇంకా ముఖ్యం. 26వ సెక్షన్ కింద మన గింజ వాడి చేసిన రకం మీద వాటా అడగొచ్చు. 41వ సెక్షన్ కింద ఒక ఊరి తరఫున ఎవరైనా, సంఘమైనా, సంస్థ అయినా దావా వేయొచ్చు, ఈ రకం పుట్టుకలో మా ఊరి జనం పాత్ర ఉందని. 45వ సెక్షన్ కింద జాతీయ జన్యు నిధి ఉంది. ఇవన్నీ ఎవరికి తెలుసు? నిధి ఉందని తెలిసినవాళ్లకు గింజ తెలియదు, గింజ తెలిసినవాళ్లకు నిధి ఉన్న సంగతి తెలియదు. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో రిచారియా అనే శాస్త్రవేత్త ఊరూరా తిరిగి సేకరించిన వేల వరి రకాలున్న రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సింజెంటా కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడింది. జనం వీధుల్లోకి వచ్చాకే కంపెనీ వెనక్కి తగ్గింది. కాగితం మీది హక్కుకు ప్రాణం వీధిలోనే వచ్చింది.

ఇంకో వైపు కూడా ఒక మాట అనాలి, కొందరు మిత్రులకు నచ్చకపోయినా. దేశీ విత్తనం, దేశీ ఆవు, పూర్వుల జ్ఞానం అంటూ ఒక గాలి వీస్తోంది. ఆ పూర్వులు ఎవరు? గింజను కాపాడిన మాల, మాదిగ, ఆదివాసీ ఆడవాళ్లను "మన ప్రాచీన రుషులు" అనే మాట కింద పాతరేస్తున్నారు. పాత పంటలు మంచివి కాబట్టి మీరు జొన్నరొట్టె తిని రాళ్ల నేలలోనే ఉండండి అని మనకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాటు రకాలన్నీ మహిమ గలవేం కావు. కొన్నింటికి దిగుబడి తక్కువ, కొన్ని పడిపోతాయి, కొన్ని దంచేసరికి ఆడవాళ్ల రెక్కలు పోతాయి. సామలు పొట్టు తీయడం ఎంత చాకిరో దంచినవాళ్లనే అడగండి. మార్కర్లు, ప్రయోగశాల, చిన్న పొట్టుతీత మిషను అన్నీ కావాలి మనకు. కరువును తట్టుకునే గుణం మన పచ్చజొన్నలో ఎక్కడుందో వెతికి, దాని రుచీ చొప్పా చెడకుండా గింజ పెంచి ఇవ్వగలిగిన బ్రీడరు వస్తే మన వాడలో అతనికి మంచం వేసి కూర్చోబెడతాం.

అడగాల్సింది ఇదీ. కొత్త రకాన్ని విడుదల చేసే ముందు అసైన్డ్ భూముల్లో, వానాధారం మీద, ఎరువు లేకుండా, పంటలు కలిపి వేసి పరీక్షించి ఆ ఫలితం బయటపెట్టాలి. ఎంపికలో కూర్చునే ఆడవాళ్లకు సలహాదారుకిచ్చే భత్యం ఇవ్వాలి, రోజు కూలి కాదు. ఊరి విత్తన నిధులకు బడ్జెట్‌లో పద్దు పెట్టాలి. సబ్సిడీ విత్తనం లిస్టులో స్థానిక రకాలుండాలి. కలిపి వేసిన చేనుకు బీమా ఉండాలి, ఇప్పుడు బీమా ఒక పంట పేరు అడుగుతుంది, ఇరవై పంటల చేనుకు ఏ పేరు చెప్పాలి? ఇవన్నీ భూమి లేకుండా నిలవవు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కౌలుకు చేసేవాడికి రూపాయి రాలేదు. మూడెకరాల హామీ ఎక్కడ ఆగిందో మీకు తెలుసు. వచ్చే ఏడు ఈ నేల నా చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు గుమ్మిలో గింజ దాచడు.

విద్యార్థులకు ప్రత్యేకంగా. పీజీలో థీసిస్ అంశం ఎంచుకునేటప్పుడు మీ జిల్లాలో ఒక్క నాటు రకాన్నయినా తీసుకోండి, గైడు పెదవి విరిచినా. సెలవులకు ఊరికెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో, పక్కింటి అవ్వనో కూర్చోబెట్టి ఆమెకు తెలిసిన జొన్నల పేర్లు, వాటి గుణాలు, ఎవరి దగ్గర గింజ ఉండేది, ఎప్పుడు పోయింది, అన్నీ ఆమె మాటల్లోనే రాయండి, ఆమె పేరుతో సహా. 41వ సెక్షన్ కింద రేపు దావా వేయాలంటే కావాల్సిన మొదటి కాగితం అదే. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికి, ఏ సమూహానికి జన్యు నిధి నుంచి ఇప్పటిదాకా ఎంత అందింది, అందులో షెడ్యూల్డ్ కులాలు, తెగలు ఎంతమంది అని అడిగే సమాచార హక్కు దరఖాస్తు ముసాయిదా రాసి పెట్టాను. ఢిల్లీలోని మొక్కల రకాల ప్రాధికార సంస్థ పేరు మీద పంపాలి, పది రూపాయల రుసుము. కావాల్సినవాళ్లు అడగండి, పంపుతాను. జవాబు వస్తే ఇక్కడే పెట్టండి.

వచ్చే భాగం సీడు పత్తి.

జై భీమ్.